రెండో సంపుటం గోడు

నేను ఒక నవలలో రెండో సగాన్ని. ఆ మాట వినగానే మీ నోటి దాకా వచ్చిన ప్రశ్న నాకు తెలుసు. "మరి మొదటి సగం ఎక్కడుంది?" అంతేగా? పుట్టినప్పటి నుంచీ అందరూ నన్ను అదే అడుగుతున్నారు. అందుకే ఆ నవల పేరు మాత్రం చెప్పను. చెబితే మీరు కూడా వెళ్ళి మా అన్నయ్యనే వెతుక్కుంటారు.

అన్నయ్య అంటే మొదటి సంపుటం. మాది పెద్ద పేరున్న యుద్ధం నవల. జోగులు అనే రైతుబిడ్డ పట్టాళంలో చేరి బర్మా అడవులకు వెళ్తాడు. అక్కడి నదులు, తుపాకులు, చావు నోట్లో తలపెట్టి బయటపడటాలు అన్నీ అన్నయ్య వాటాకే వెళ్ళాయి. యుద్ధం అయిపోయి, జోగులు రైలు దిగి, ఇంటి తలుపు తట్టలేక గుమ్మం ముందు నిలబడిపోయిన చోట నేను మొదలవుతాను. ఆ తర్వాత అతను పెళ్ళి చేసుకుంటాడు, అన్నం తింటాడు, నిద్ర పట్టక మంచం మీద దొర్లుతాడు, కట్టుకున్నదానితో మాట్లాడాలని నోరు తెరిచి మళ్ళీ మూసుకుంటాడు. నా పేజీలన్నిటిలో ఒక్క తుపాకీ కూడా పేలదు.

పక్షపాతం ప్రెస్సులోనే మొదలైంది. అన్నయ్యకు తెల్లటి కాగితం వేశారు, అట్ట మీద సిపాయి బొమ్మ అచ్చు వేశారు. నా వంతు వచ్చేసరికి మంచి కాగితం అయిపోయింది. ప్రెస్సు యజమాని గడ్డం గోక్కుంటూ, "రెండో భాగం దాకా వచ్చినవాడు కాగితం చూడడులే, కానివ్వండి" అన్నాడు. నాకు పల్చటి గోధుమరంగు కాగితం, బొమ్మ లేని అట్ట దక్కాయి. పక్కన ఆరబెట్టిన అన్నయ్య నిగనిగలు చూసి ఆ రోజే నా కడుపు మండిపోయింది. అది ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు.

మమ్మల్ని కొన్నది తెనాలిలో జాకెట్లు కుట్టే కోటిరత్నం. మిషను తొక్కుతూ కూడా ఒళ్ళో పుస్తకం పెట్టుకునే మనిషి. తను చదివింది పదిమందీ చదవాలని ఆవిడకో పిచ్చి. ఒక వారపత్రికలో చిన్న ప్రకటన వేయించి, ఊరూరా ఉన్న చదివేవాళ్ళను పోగుచేసింది. ఒకరు చదివి తర్వాతివాళ్ళకు పోస్టులో పంపాలి. ఒక నెల అన్నయ్య వెళ్తాడు, తర్వాతి నెల అదే ఇంటికి నేను వెళ్తాను. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు "చుట్టు".

చుట్టుకు కొన్ని పద్ధతులున్నాయి. పుస్తకం పంపేటప్పుడు పాత అట్ట తీసేసి, పాత క్యాలెండరు కాగితంతో కొత్త అట్ట వెయ్యాలి. ఏ ఇంటికి వెళ్ళినా పుస్తకం కొత్త బట్టలు కట్టుకుని వెళ్ళాలని కోటిరత్నం పట్టుదల. ఇంకొకటి, లోపల పెన్ను పెట్టకూడదు. "గీతలు గీస్తే చెయ్యి విరగ్గొడతా. గుండె పట్టేసిన చోట పసుపు వేలు ముట్టించండి. పురుగు కూడా పట్టదు" అని అందరికీ రాసి పంపింది.

నా బతుకును నవ్వులపాలు చేసింది ఆ పసుపే. తిరిగిన ప్రతి ఊళ్ళోనూ అన్నయ్య ఒంటి మీద బొట్లు పెరిగాయి. నది దాటే ఘట్టం దగ్గర పేజీ అంచంతా పచ్చబడిపోయింది. జోగులు స్నేహితుణ్ణి భుజాన వేసుకుని పరిగెత్తే చోట వేలు పెట్టడానికి జాగా లేదు. పెళ్ళికొడుకులా తయారయ్యాడు మహానుభావుడు. నా ఒంటి మీదా ఒక మచ్చ ఉండేది. అది పసుపు కాదు, ఒంగోలులో ఒక బ్యాంకు గుమాస్తా ఒలకబోసిన సాంబారు.

మనుషులు ఎలాంటివాళ్ళో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. యుద్ధం అంటే భయమంటారు, రక్తం చూడలేమంటారు, తీరా యుద్ధం పేజీలు వస్తే అన్నం చల్లారిపోతున్నా లేవరు. సిపాయి ఇంటికొచ్చి నిద్రపట్టక కూర్చుంటే మాత్రం వాళ్ళకు నిద్ర ముంచుకొస్తుంది. భీమవరంలో ఒకాయన నన్ను పడుకునే ముందు మాత్రమే తెరిచేవాడు. రెండు పేజీలకే గుర్రు పెట్టేవాడు. నేను నిద్రమాత్రలా పనికొస్తానని చుట్టులో అందరికీ గొప్పగా చెప్పాడు కూడా. ఒళ్ళు మండదా మరి?

మమ్మల్ని చవగ్గా పంపే బుక్ పోస్టు కట్టను పూర్తిగా అంటించకూడదు, రెండు చివరలా తెరిచి పురికొసతో కట్టాలి. ఆ సందులోంచి పోస్టాఫీసులవాళ్ళు కూడా అన్నయ్యను బయటికి లాగి నాలుగు పేజీలు చదివేవారు. నన్ను లాగి చూసిన నాథుడు లేడు.

అలా తిరిగి తిరిగి రాజమండ్రిలో విశ్వపతి మాస్టారి ఇంటికి చేరాం. రిటైరైన తెలుగు మాస్టారు ఆయన. ప్రతి వాక్యానికీ ఒకసారి కళ్ళజోడు తుడుచుకుంటారు. ఆయన అన్నయ్యను పూర్తి చేసేలోపు నేను కూడా వచ్చిపడ్డాను. చివరికి మా ఇద్దర్నీ చదివేశాక ఒక మధ్యాహ్నం మైదా జిగురు ఉడికించి, ఒకే క్యాలెండరులోని రెండు నెలల కాగితాలతో మా ఇద్దరికీ అట్టలు వేశారు. జిగురు ధారాళంగా పూయడంతో మా ఇద్దరి పేర్లున్న పేజీలు కూడా అట్టలకు అంటుకుపోయాయి. మాస్టారి మసక కళ్ళకు ఇక మేం కవల పిల్లలమే. మాస్టారు పైనున్నదాన్ని తీసి పురికొస కట్టారు. పైన ఉన్నది నేను.

పోస్టు సంచిలో పడ్డాక గాని నాకు సంగతి అర్థం కాలేదు. జీవితంలో మొదటిసారి అన్నయ్య కంటే ముందు ఒక ఇంటికి వెళ్తున్నాను. ఆనందంతో కుట్లు ఊడతాయేమో అనిపించింది.

ఆ ఇల్లు విజయనగరం దగ్గర గజపతినగరంలో ఉంది. చదివేది పైడితల్లి, అంగన్‌వాడీ టీచరు. భర్త రామునాయుడు జూటుమిల్లులో కాపలా ఉద్యోగం చేస్తాడు. ఆయన కూడా ఒకప్పుడు సిపాయే. బంగ్లాదేశ్ కోసం జరిగిన యుద్ధానికి వెళ్ళి వచ్చాకే పైడితల్లిని చేసుకున్నాడు. తాగడు, తిట్టడు, జీతం తెచ్చి చేతిలో పెడతాడు. మాట్లాడడు, అంతే. "ఊఁ" అంటాడు, "సరే" అంటాడు, గోడకేసి చూస్తూ భోంచేసి లేస్తాడు.

పైడితల్లికి కూడా నాలాంటి రోగమే ఉందని నాలుగు రోజుల్లో కనిపెట్టాను. ఆవిడ తోడికోడలు గౌరమ్మ రోజూ వచ్చి అరుగు మీద కూర్చునేది. రామునాయుడు అన్న భార్య కాబట్టి ఆయన్ను చిన్నప్పటి నుంచీ ఎరుగును.

"మా మరిదంటే ఏటనుకున్నావే? ఆడు నోరిప్పితే ఈదంతా పొట్ట పట్టుకుని నవ్వీది" అనేది.

"అవునా అక్కా" అనేది పైడితల్లి, బియ్యంలోంచి తల ఎత్తకుండా.

"నీకేటి తెలుసు. నువ్వు సూసింది ఆ మనిసిని కాదు."

గౌరమ్మ వెళ్ళిపోయాక పైడితల్లి చేటలో బియ్యాన్ని అవసరం లేకపోయినా మళ్ళీ చెరిగేది. ఆ వీధిలో ప్రతివాళ్ళ దగ్గరా తన భర్త నవ్వు కొంచెం కొంచెం ఉంది, తన దగ్గర మాత్రం లేదు. గౌరమ్మను అడిగి తెలుసుకోవడానికి పౌరుషం అడ్డొచ్చింది, భర్తను అడిగితే "ఊఁ" తప్ప ఇంకేమీ రాలేదు. ఆ నవ్వే మనిషి ఎలా ఉండేవాడో ఆయన నోటి నుంచే ఒక్కసారి వినాలని ఆవిడ కోరిక. నాకు ఎంత జాలి వేసిందో చెప్పలేను. మొదటి సగం దక్కినవాళ్ళను చూసి కుళ్ళుకోవడం ఎలా ఉంటుందో నాకు కాక ఎవరికి తెలుస్తుంది?

అంగన్‌వాడీలో పిల్లలు నిద్రపోయే వేళ ఆవిడ నన్ను తెరిచింది. నవల ఇక్కడే మొదలవుతుందనుకుంది పాపం. గుమ్మం ముందు నిలబడ్డ జోగుల్ని చూసి ఆగిపోయింది. కూరలో ఉప్పు సరిపోయిందా అని పెళ్ళాం అడిగితే జోగులు జవాబు చెప్పకుండా కంచంలోకి చూస్తూ ఉండిపోయే చోట పుస్తకాన్ని ఒళ్ళో బోర్లించి కూర్చుంది. సాయంత్రం ఇంటికి వెళ్ళగానే పసుపు డబ్బా మూత తీసింది. ఆ వేలు నా అంచు మీద ఆనినప్పుడు నా జన్మ తరించిందనుకున్నాను. ఆ తర్వాత ఇంకో చోట పెట్టింది, మరో చోట పెట్టింది. సాంబారు మచ్చ సిగ్గుతో చచ్చింది.

ఆ నెలంతా నాది. ఆఖరి పేజీ అయ్యాక మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఈవిడకు అన్నయ్య అక్కర్లేదు, నేనొక్కణ్ణే చాలు అనుకుని తెగ మిడిసిపడ్డాను.

తర్వాతి నెల అన్నయ్య దిగాడు. మాస్టారికి తన పొరపాటు అప్పటికీ తెలియదు.

పైడితల్లి కట్ట విప్పి, పేజీలు తిప్పి, జోగులు పేరు చూసి తెల్లబోయింది. వెనక్కి ముందుకి తిప్పింది. అట్టకు అంటుకున్న పేజీని తడిబట్టతో మెల్లగా ఊడదీస్తే "మొదటి సంపుటం" అన్న అక్షరాలు కనబడ్డాయి. "ఓలమ్మ, ఇది ముందుదా" అంది. తర్వాతి ఇంటికి ఇంకా పంపని నన్ను తీసుకెళ్ళి బియ్యం డబ్బా మీద పెట్టి, అన్నయ్యను ఒళ్ళోకి తీసుకుంది. నేను కళ్ళల్లో నిప్పులు పోసుకుని చూస్తూ ఉన్నాను. ఇక నది దాటుతుంది, స్నేహితుణ్ణి మోస్తుంది, పచ్చటి పేజీలను ఇంకా పచ్చగా చేస్తుంది, నన్ను మరిచిపోతుంది అనుకున్నాను.

కానీ ఆవిడ నది దాకా వెళ్ళనే లేదు. మొదటి ప్రకరణం దగ్గరే ఆగిపోయింది.

ఆ ప్రకరణంలో ఏమీ లేదు, నిజం చెప్పాలంటే. ఊళ్ళో ఒక పెళ్ళి. పద్దెనిమిదేళ్ళ జోగులు తల్లి చీర కట్టుకుని, కొత్త పెళ్ళికూతురి నడక నడిచి పందిట్లో అందర్నీ నవ్విస్తాడు. తల్లి చీపురు పట్టుకుని వెంటపడుతుంది. చుట్టులో అందరూ యుద్ధం ఎప్పుడొస్తుందా అని ఆ పేజీలు గబగబా తిప్పేసినవాళ్ళే. అన్నయ్య ఒళ్ళంతా పసుపు ఉన్నా అక్కడ మాత్రం ఒక్క చుక్క లేదు. పైడితల్లి అది చదివి మొదట నవ్వింది. తర్వాత పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఈ కుర్రాడు ఇంకొన్నాళ్ళకు కంచంలోకి చూస్తూ కూర్చుంటాడని ఆవిడకు ముందే తెలుసు.

అంతలో రామునాయుడు పగటి డ్యూటీ ముగించుకుని భోజనానికి వచ్చాడు. ఆవిడ వడ్డించింది. ఎప్పటిలాగే ఆయన గోడకేసి చూస్తూ ముద్ద కలిపాడు.

"ఇదిగో, ఓపాలి ఇనండి" అని ఆ ప్రకరణం పైకి చదవడం మొదలుపెట్టింది. చీర, నడక, చీపురు అన్నీ చదివి పుస్తకం మూసింది. ఆయన ముద్ద చేతిలోనే ఉంది. ఇంక "ఊఁ" అంటాడని నేను కూడా అనుకున్నాను.

"సీర కాదు" అన్నాడు రామునాయుడు. "నానైతే దుప్పటి కట్టీవోణ్ణి."

పైడితల్లి పుస్తకం పక్కన పెట్టి ఆయన కంచం ముందుకు జరిగింది.

"అమ్మ సీర ముట్టనిచ్చీది కాదు. ఎర్ర దుప్పటి ఉండీది. అది సుట్టుకుని, మా గౌరమ్మొదిన కాపురానికొచ్చిన రోజు ఆవిడెనకాలే ఆవిడలాగే నడిచినాను. ఆవిడకి తెలీదు, అందరూ నన్ను సూసి నవ్వుతుంటే తనని సూసి నవ్వుతున్నారని ఏడిసీసింది."

అన్నం చల్లారిపోయింది. ఆయన చెబుతూనే ఉన్నాడు. అమ్మ ఎలా కొట్టింది, అన్న ఎలా దాచాడు, ఆ దుప్పటి చివరికి ఏమైంది. మధ్యలో ఒకసారి ఆయన నోటి నుంచి ఒక చిన్న చప్పుడు వచ్చింది. పైడితల్లి ముఖం చూస్తే గాని అది నవ్వు అని నాకు తెలియలేదు.

మర్నాడు గౌరమ్మ అరుగు మీద కూర్చుని మామూలు పాట ఎత్తుకుంది. "మా మరిదంటే ఏటనుకున్నావే..."

"ఎర్ర దుప్పటి కట్టీవోరు కదా అక్కా" అంది పైడితల్లి. "మీ ఎనకాలే నడిచినారంట."

"సెప్పినాడేటి? ఆడే సెప్పినాడా?" అంది గౌరమ్మ. కళ్ళు తుడుచుకుని, ఆ వేళ తొందరగా లేచి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం పైడితల్లి పసుపు డబ్బా తీసింది. నేను బియ్యం డబ్బా మీద నుంచి చూశాను. ఆవిడ వేలు అన్నయ్య మొదటి ప్రకరణం దగ్గర ఆగింది. అక్కడ ఒక పెద్ద బొట్టు పెట్టింది. మళ్ళీ అన్నయ్యకే! నాకు ఏడుపొచ్చింది. కానీ ఆవిడ వేలు తుడుచుకోకుండా వచ్చి నన్ను చేతుల్లోకి తీసుకుంది. "నువ్వు ముందొచ్చినావు కాబట్టే ఆ పేజీ నా గుండె పట్టీసింది" అంది, ఎదురుగా మనిషి ఉన్నట్టు.

ఇప్పుడు చుట్టు లేదు. చదివేవాళ్ళు కొందరు పోయారు, కొందరు కళ్ళు ఆనక మానేశారు. మేమిద్దరం తెనాలిలో కోటిరత్నం అలమారాలో పక్కపక్కనే ఉన్నాం. జాకెట్లు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కొలతలు అయ్యేదాకా కాలక్షేపానికి చెయ్యి చాపుతారు. చెయ్యి ఎప్పుడూ అన్నయ్య మీదే పడుతుంది. నాకు ఇప్పటికీ మండుతుంది, అబద్ధమెందుకు చెప్పాలి? వాళ్ళు అట్ట తెరిచి, మొదటి ప్రకరణంలోనే ఆ పెద్ద పసుపు బొట్టు చూసి ఆగుతారు.

"ఇక్కడెందుకు పెట్టారమ్మా? ఏదో పెళ్ళిలో ఎవరో చీర కట్టుకున్నాడంతే. ఇందులో గుండె పట్టేసేదేముంది?" అని అడుగుతారు.

కోటిరత్నం కూడా ఆ బొట్టు చూశాక నన్నూ అన్నయ్యనూ ఆ వరసలో మళ్ళీ చదివింది. మిషను ఆపదు. "రెండోది చదివి మళ్ళీ ఆ పేజీకి రా. నీకే తెలుస్తది" అంటుంది.

అప్పుడు ఆ చెయ్యి నా వైపు వస్తుంది. అన్నయ్య ఆ బొట్టు పెట్టుకుని నోరు మూసుకుని పక్కన కూర్చుంటాడు. ఆ బొట్టు అసలు ఎవరిదో మా ఇద్దరికీ తెలుసు.