వదిన నేర్పిన ప్వేదో

మా వదినకి నా మీద ఎంత ప్రేమో ఇప్పుడు తెలిసింది. ఒళ్ళు మండిపోతోంది.

దేశం కాని దేశంలో, ఈ బట్టల ఫ్యాక్టరీలో నన్ను ఇస్త్రీ పనికి పెట్టించింది ఆవిడే. సూపర్‌వైజరమ్మకి స్పానిష్ తప్ప ఇంకో భాష రాదు. నాకా, ఆ భాషలో ఓనమాలు కూడా రావు. "ఏముంది, ఆవిడ 'ప్వేదెస్?' అంటుంది. నువ్వు 'ప్వేదో' అను. సరేనండి అని అర్థం. అంతే," అంది వదిన. సొంత అన్న పెళ్ళాం చెప్తే నమ్మక చస్తానా?

ఇక్కడ ఆదివారం పని ఎవరికీ పురమాయించరట. శనివారం సాయంత్రం సూపర్‌వైజరమ్మ మిగిలిపోయిన కుప్పలోంచి ఒక బట్ట పైకెత్తి పట్టుకుని, ఎవరో ఒకరు ఒప్పుకునేదాకా ఒక్కో బల్ల దగ్గరా ఆగి అడుగుతుంది. ఒప్పుకున్నవాళ్ళు ఆదివారం వచ్చి ఆ కుప్ప తెమల్చాలి. నా బల్లే మొదటిది. రమ్మని హుకుం జారీ చేస్తోందనుకుని, లోపల ఏడుస్తూ పైకి నవ్వుతూ ప్వేదో అనేదాన్ని. నా పక్క బల్ల వదినది. ఆవిడ దాకా ఆ బట్ట వచ్చిన పాపాన పోలేదు.

హాస్టల్లో ఉన్న నా కూతుర్ని చూడనిచ్చేది ఒక్క ఆదివారమే. "వీళ్ళు రానివ్వట్లేదే తల్లీ" అని వారం వారం ఫోన్లో మొత్తుకునేదాన్ని. మొన్న అది, "వాళ్ళతో నువ్వేమంటావు?" అని అడిగింది. చెప్పాను. బళ్ళో అది చదివేది ఆ భాషే.

"అమ్మా, రాగలవా అని అడుగుతోంది ఆవిడ. రాగలను అంటున్నావు నువ్వు. కుదరకపోతే 'నో ప్వేదో' అనాలి," అంది. తర్వాత, "అయితే పనికి నువ్వే వస్తానన్నావన్నమాట," అని ఫోన్ పెట్టేసింది.

వదినని నిలదీశాను. "నీ ఉద్యోగం నిలబడాలనే అలా చెప్పానమ్మా," అంది తాపీగా, జుట్టు ముడేసుకుంటూ. నిలబడ్డవి ఆవిడ ఆదివారాలు.

ఈ శనివారం సూపర్‌వైజరమ్మ ఒక కుచ్చుల గౌను పైకెత్తింది. "ప్వేదెస్?" అంది. పక్క బల్ల దగ్గర వదిన గొంతు సవరించుకుంది.

"నో ప్వేదో," అన్నాను.

ఆవిడ తలూపి వదిన బల్లకి జరిగింది. ఒక్క మాట అనలేదు, మొహం కూడా ముడుచుకోలేదు. ఇంత తేలికైన పనా ఇది? నాకు ఇంకా మండింది.

ఆదివారం హాస్టల్ గేటు తీయకముందే వెళ్ళి నిలబడ్డాను. నా కూతురు వచ్చింది కానీ, బెంచీ మీద నా పక్కన కూర్చోలేదు.

"ఎంతసేపు ఉండగలవు?" అంది.

"గేటు మూసేదాకా ఉండగలను," అన్నాను.

అప్పుడు కూర్చుంది.