మైకులో చెప్పాల్సిన మాట

ఆ ఇంట్లో సరుకులు తేవడం అత్తగారి పని. కొడుకు బస్సు డిపోలో మెకానిక్కు. కోడలు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తుంది. ఇద్దరికీ ఊపిరి సలపదు. అత్తగారికి తీరిక ఉంది, కాళ్లలో సత్తువ ఉంది, ఏ పూట ఏది చవకగా దొరుకుతుందో తెలుసు. లేనిదల్లా చూపు. అదీ పూర్తిగా పోలేదు. నడిమధ్యన మసకబారి, అంచుల్లో మిగిలింది. ఎవరైనా ఎదురుగా నిలబడితే ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ కనిపిస్తుంది, చెవులూ భుజాలూ మాత్రం తెలుస్తాయి. ఊళ్లో వాళ్లందరికీ అద్దాలు అమర్చే కోడలికి, ఏ అద్దానికీ లొంగని జబ్బు తన ఇంట్లోనే ఉండటం ముల్లులా గుచ్చుకునేది.

అత్తగారికి ఆ బాధ లేదు. ఆవిడ ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో గడిచింది. "బోర్డు మీద తీగలు చూసి గుచ్చేదాన్నా ఏమిటి? చేతికే తెలిసేది," అనేది. సూపర్‌మార్కెట్టు కూడా అలాగే చేతికి తెలిసిపోయింది. లోపలికి అడుగు పెట్టగానే చల్లగాలి తగిలే చోట కూరగాయలు. సబ్బుల వాసన వచ్చిన దగ్గర కుడికి తిరిగితే పప్పులు, నడుం ఎత్తులో. నూనె సీసాలు కింది అరలో. తలుపులు తెరిచే వేళకే వెళ్లి, ముందురోజు మిగిలిన కూరగాయలు తగ్గింపు ధరకు ఏరుకుని, వరసలో నిలబడే పని లేకుండా కోడలు పనికి బయల్దేరి చెప్పులేసుకునేలోపు ఇంట్లో ఉండేది. "నా పుణ్యాన మీ సెలవురోజు మీకు మిగులుతోంది," అని కొడుకూ కోడలి ముందు గొప్పలు పోయేది. అది నిజం కూడా.

ఒకరోజు దుకాణంలో కోడలు అద్దం అంచు మిషనుకి ఆనించి ఉండగా ఫోన్ మోగింది.

"మేడమ్, సూపర్‌మార్కెట్ నుంచి. మీ అత్తగారు ఇక్కడే ఉన్నారు. మీరొకసారి రావాలి."

"ఏమైంది? పడిపోయారా?"

"అబ్బే, అదేం లేదు. చిన్న విషయం. రండి, మాట్లాడుకుందాం."

చిన్న విషయమైతే మాట్లాడుకోవడం దేనికో అర్థం కాలేదు. యజమానికి ఒక్క ముక్క చెప్పి, అద్దాల పొడి చేతులతోనే పరుగు తీసింది.

సూపర్‌మార్కెట్టు వెనకాల ఇరుకు గది. గోడ పక్కన ఖాళీ అట్టపెట్టెలు. ప్లాస్టిక్ స్టూలు మీద అత్తగారు నిటారుగా కూర్చుని ఉంది. ఎదురుగా బల్ల మీద ఆవిడ సంచీలోని సరుకులన్నీ కుప్పపోసి ఉన్నాయి. వాటి మధ్య ఆవిడ చేతిరుమాలు, ఇంటి తాళంచెవి, కళ్లలో వేసుకునే చుక్కల మందు. ఆ చుక్కల మందు సీసా అలా నలుగురి కళ్ల ముందు పడి ఉండటం చూడగానే కోడలికి ఒళ్లు మండిపోయింది.

"ఎవరు తీశారివన్నీ?"

మేనేజరు లేచి కుర్చీ జరిపాడు. "కూర్చోండి మేడమ్. మనవాళ్లు కొంచెం తొందరపడ్డారు. జరిగిందేదో జరిగింది. సారీ కింద ఈ కూపన్ ఉంచండి. ఏ కొనుగోలు మీదైనా..."

"అత్తయ్యా, మీరు చెప్పండి. ఏమైంది?"

అత్తగారు గొంతు సవరించుకుంది. "పొద్దున వచ్చేసరికి కొట్టంతా తలకిందులు చేసేశారమ్మాయ్. కూరగాయల చోట బిస్కెట్లు. పప్పుల చోట గిన్నెలు తోమే పీచులు. నూనె కోసం ఎంతసేపు తిరిగానో నాకే తెలీదు. ఇంతలో మైకులో చెప్పారు, ఒక సబ్బు కొంటే ఇంకోటి ఉచితమని. వాసన పట్టుకుని వెళ్లి రెండు తీసుకున్నా. అవి ఆ సబ్బులు కావట, పక్కవట. కౌంటర్ దగ్గర మనిషి లేడు, బిల్లు మనమే కొట్టుకోవాలి, అన్నీ మిషన్లే. ఎవరినో అడిగి మిషనుకి ఒక సబ్బు చూపించి రెండూ సంచీలో వేశా. ఉచితం కదా అని. మిషను కూసింది. సెక్యూరిటీ అతను వచ్చి సంచీ లాక్కున్నాడు."

"చూపు తక్కువని చెప్పలేదా?"

"చెప్పాను." అత్తగారు అతని మాట ఉన్నదున్నట్టు అప్పజెప్పింది. "'ఇంతసేపు కొట్టంతా తిరిగిన దానివి, ఇప్పుడు గుడ్డిదానివా? దొంగతనానికి ఇదో నాటకమా?' అన్నాడు. అందరూ వింటున్నారు. మన వీధివాళ్లూ ఉన్నారు. గొంతులు గుర్తుపట్టాను."

కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎందుకు మార్చారు అరలన్నీ?" అని మేనేజరు వైపు తిరిగింది. "రాత్రికి రాత్రి అంత అవసరం ఏమొచ్చింది?"

"కస్టమర్ల సౌకర్యం కోసమే మేడమ్."

"ఏం సౌకర్యం? పప్పులు వెతుక్కోవడమా?"

అతని నోరు జారి అసలు మాట వచ్చేసింది. "ఎప్పుడూ ఒకేచోట ఉంటే నేరుగా వచ్చి, కావలసింది తీసుకుని పోతారండీ. నాలుగు వరసలు తిరిగితేనే కదా కొత్త వస్తువులు కంటపడేది?"

"కంటపడేదా?" కోడలు బల్ల మీద చెయ్యి వేసింది. "మేం పొద్దున్నే లేచి నాలుగు డబ్బులూ కాస్త సమయమూ మిగుల్చుకుందామని వస్తే, ఆ మిగిలింది కాస్తా లాక్కోవడానికి మమ్మల్ని చుట్టూ తిప్పుతారా? కౌంటర్లో మనుషుల్ని తీసేసి, లెక్కకట్టే పని మాతోనే చేయించుకుంటారా? జీతం మిగిలేది మీకు, తప్పు జరిగితే దొంగలం మేమా?"

"గొంతు తగ్గించండి మేడమ్. బయట కస్టమర్లు వింటారు."

"ఆవిడ సంచీ బయటే కదా బోర్లించారు? అప్పుడు వినలేదా కస్టమర్లు?"

మేనేజరు కూపన్‌ను అత్తగారి వైపు జరిపాడు. "పెద్దమ్మగారూ, మీరైనా చెప్పండి. ఇక్కడితో వదిలేద్దాం."

అత్తగారు దాన్ని ముట్టుకోలేదు. "ఇందాక సబ్బుల సంగతి మైకులో చెప్పింది మీరే కదూ? గొంతు పట్టాను. అందులోనే చెప్పండి, నేను దొంగను కానని."

అతను నవ్వబోయి మానుకున్నాడు. "అది ఆఫర్ల కోసం అమ్మా. అలాంటివి చెప్పకూడదు. పైవాళ్లు ఒప్పుకోరు."

"అయితే పైవాళ్లు ఒప్పుకునేదాకా కూర్చుంటాను. ఇక్కడ కాదు. అక్కడ, నన్ను దొంగ అన్నచోట."

అని లేచి, స్టూలు చంకన పెట్టుకుని బయటికి నడిచింది. అట్టపెట్టెలకు తగలకుండా కోడలు మోచెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. మిషన్ల దగ్గరికి వెళ్లి, సరిగ్గా దారి మధ్యలో స్టూలు వేసుకుని కూర్చుంది. కోడలు వెనకే వెళ్లి పక్కన నిలబడింది. సగం అరిగిన అద్దం, ఎదురుచూసే యజమాని, తెగిపోయే పూట జీతం, అన్నీ గుర్తొచ్చాయి. గుర్తొచ్చిన కొద్దీ కోపం పెరిగిందే గాని కాలు కదల్లేదు.

జనం మూగారు. ఏమిటి, ఏమిటి అని అడిగారు. అడిగిన ప్రతివాళ్లకూ కోడలు మొదటి నుంచీ చెప్పింది. చంటిబిడ్డను ఎత్తుకున్న ఒకామె, "నన్నూ అలాగే ఆపారండీ మొన్న. సిగ్గేసి డబ్బు కట్టేసి వెళ్లిపోయా," అంది. ఒక ముసలాయన బుట్ట కింద పెట్టి, "టీపొడి కోసం పొద్దుట్నుంచీ తిరుగుతున్నా. నాకేదో మతి పోయిందనుకున్నా," అన్నాడు. ఒకడు మాత్రం విసుక్కున్నాడు. "తర్వాత తేల్చుకోండమ్మా, నాకు ఆఫీసుకు టైమవుతోంది."

"నాకూ అవుతోంది," అంది కోడలు. అతను బుట్ట అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. అలా బుట్టలు ఒకటి తర్వాత ఒకటి నేల మీద పేరుకుపోయాయి.

సెక్యూరిటీ అతను మూలన తల వంచుకుని ఉన్నాడు. మేనేజరు ఫోన్లో ఎవరితోనో మాట్లాడాడు, చెమట తుడుచుకున్నాడు, మళ్లీ మాట్లాడాడు. చివరికి మైకు అందుకున్నాడు.

"ప్రియమైన కస్టమర్లకు మనవి. ఈ ఉదయం ఒక కస్టమర్‌కి కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం."

"అసౌకర్యం కాదు," అంది అత్తగారు. కూర్చున్నచోటు నుంచి కదలకుండా, గొంతు పెంచకుండా అంది. కాని ఒకప్పుడు దూరపు టెలిఫోన్ లైన్లలో మాట స్పష్టంగా వినిపించేలా పలికిన గొంతు అది. చివరి వరస దాకా వెళ్లింది. "దొంగ అన్నారు. ఆ మాట వెనక్కి తీసుకోండి."

మేనేజరు ముఖం మాడిపోయింది. మైకులో అతని ఊపిరి వినిపించింది.

"ఈ పెద్దావిడ ఏమీ దొంగిలించలేదు. ఆవిడ చెప్పింది నిజం. సంచీ వెతకడం మా తప్పు. క్షమించాలి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చంటిబిడ్డ తల్లి కళ్లు తుడుచుకుంది. అత్తగారు లేచి చీర సర్దుకుని, సెక్యూరిటీ అతను నిలబడ్డ మూల వైపు తిరిగింది.

"బాబూ, నీకు కోపమొచ్చింది, నన్నో మాట అన్నావు. ఎవరినైనా సరే, ముందు అడుగు. తర్వాత అను."

అతను "తప్పయిపోయిందమ్మా" అన్నాడు. అది మైకులో చెప్పింది కాదు గనుక కాబోలు, కోడలికి అదే నమ్మబుద్ధేసింది.

ఆ తర్వాత నుంచి పొద్దుటిపూట ఒక కౌంటర్లో మనిషిని కూర్చోబెట్టారు. పెద్దవాళ్లూ, చూపు తక్కువైనవాళ్లూ, తొందరలేని వాళ్లూ అక్కడికే వెళ్తున్నారు. అరలు మార్చడం మాత్రం ఆపలేదు. నెల తిరిగేసరికి మళ్లీ మార్చారు.

ఆ సంగతి తెలిసి కోడలు చిందులు తొక్కింది. "వద్దత్తయ్యా, ఇక ఆ కొట్టు మొహం చూడొద్దు. ఆదివారం నేనే ఎక్కడి నుంచైనా తెస్తాను. మీరు హాయిగా కూర్చోండి."

అత్తగారి గొంతు ఒక్కసారిగా గట్టిపడింది. "వాళ్లు సంచీయే లాక్కున్నారు. నువ్వు పనే లాక్కుంటావా?"

అంత కోపం తన మీదికి తిరుగుతుందని కోడలు అనుకోలేదు.

మర్నాడు తలుపులు తెరిచే వేళకు అత్తగారు సంచీ పట్టుకుని బయల్దేరింది. కోడలు కూడా వెంట వెళ్లింది, కాని కొట్టు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపల నుంచి అత్తగారి గొంతు వినిపిస్తూనే ఉంది. "ఉప్పు ఎక్కడ దాచారు బాబూ ఈసారి?" అని ఎవరినో నిలదీస్తోంది.