వరద తీశాక వేసిన తాళం

గోదావరి ఒకే ఏడు రెండుసార్లు లంకెక్కింది చూడండి, ఆ ఏటి సంగతి ఇది. నేను ఒక ఇత్తడి తాళం కప్పను. పోతపోసినవాడెవరో గుర్తులేదు. సంతలో నన్ను కొన్నది సూరిబాబు తండ్రి. మొదట పొగాకు పాకకి వేలాడాను, తర్వాత ధాన్యం కొట్టుకి. ముసలాయన పోయాక అటకెక్కాను. మనుషులు నన్ను దొంగల కోసం కొంటారు. వేసేది మాత్రం ఎక్కువగా అయినవాళ్ల మీదే.

సూరిబాబుకి పెళ్లాం సుభద్ర మీద మనసు విరిగింది. విడాకులు కావాలి. తనంతట తానే ఇల్లు విడిచిపోయిందని రాయిస్తే పని తేలికవుతుందని పట్నంలో ఎవరో చెప్పారట. ఆవిడేమో ఎన్ని తిట్లు తిన్నా గడప దాటలేదు. రెండో వరద దాటించింది. ఊరంతా ఏటిగట్టుకి చేరితే తనూ పిల్లని చంకనేసుకుని వెళ్లింది. నీళ్లు తీయగానే సూరిబాబు అందరికంటే ముందు పడవ దిగి, నన్ను అటక మీంచి దించి, నూనె పోసి గొళ్లేనికి వేశాడు. తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు.

సుభద్ర వచ్చి నన్ను పట్టుకుని చూసింది. లాగలేదు. పక్కింటి అప్పాయమ్మ పంచన పిల్లని ఉంచి, ఆఫీసుల చుట్టూ తిరిగింది. చివరికి ఆడవాళ్ల రక్షణ చూసే ఆఫీసరమ్మ ఒకావిడ మా అరుగు మీదికి వచ్చింది.

"ఆయనింకా కోర్టుకెల్లలేదండి. నేను ముందే అడగొచ్చాండీ?" అంది సుభద్ర.

"విడాకుల కేసు పడేదాకా ఆగక్కర్లేదమ్మా. ఇల్లెవరి పేరునున్నా, కాపురమున్న ఇంట్లోంచి నిన్ను గెంటడానికి లేదు. మేజిస్ట్రేటు గారిని అడుగుదాం."

కబురు పెడితే అన్నగారింటి నుంచి వచ్చిన సూరిబాబు చేతులు కట్టుకున్నాడు. "ఎవరు గెంటారండీ? నీళ్లొత్తన్నాయని ఆవిడే తాళమేసుకుని పుట్టింటికెల్లిపోయింది. చెవి నా కాడ లేదు."

అప్పాయమ్మ నవ్వింది. "వరదకి తాళమేసినోళ్లని ఇప్పుడే చూత్తన్నా నాయనా."

ఆఫీసరమ్మకి అర్థం కాలేదు. సుభద్ర చెప్పింది: "నీళ్లొచ్చేటప్పుడు మేం తలుపులు బార్లా తీసి గట్టెక్కుతామండి. ఏరు ఇటొచ్చి అటు పోవాలి. మూస్తే గోడలు నిలవవు." నా మీద వేలు పెట్టింది. "తలుపుకి గొళ్లెం పైదాకా ఒండ్రుంది. దీనికి చూడండి, ఒండ్రు మరకే లేదు, నూనె జిడ్డింకా ఆరలేదు."

ఆఫీసరమ్మ నన్ను ఫొటో తీసుకుంది. ఇన్నేళ్లలో నా మొహం ఎవరైనా చూడటం అదే మొదలు.

కొన్నాళ్లకి కోర్టు ఆర్డరు వచ్చింది. సుభద్రని ఇంట్లో ఉండనివ్వాలి, చెయ్యి చేసుకోకూడదు, ఇల్లు అమ్మకూడదు. కానిస్టేబులు సుత్తి తెచ్చాడు.

"చెవుంటే ఇచ్చెయ్యి బాబూ. పాతకాలం సరుకు, పాడవుద్ది."

సూరిబాబు చెయ్యి నడుం దాకా వెళ్లి ఆగిపోయింది. లేదన్నాడు కదా, అందరి ముందూ. తండ్రి కొన్న తాళం పగులుతుంటే, చెవి పంచె కింద పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. నాకు పెద్దగా నొప్పి తెలియలేదు. అప్పటికే అలిసిపోయి ఉన్నాను.

సుభద్ర నన్ను పారెయ్యలేదు. కిటికీ గూట్లో పడేసి, పొద్దుగూకేదాకా ఇంట్లో ఒండ్రు ఎత్తిపోసుకుంది. లోపలి గడియ వేసుకుని పిల్లతో పడుకుంది. సూరిబాబు అన్నగారింటికి పోయాడు.

మర్నాడు పొద్దున వచ్చాడు. ఎప్పుడూ తలుపు తోసుకుని వచ్చే మనిషి, అరుగు కింద చెప్పులు విడిచి, వేలితో తలుపు కొట్టి, పక్కకి జరిగి నిలబడ్డాడు.