దానేసు కొట్టిన రాగి మేకులు

నేను ఒక అల్యూమినియం పడవను. పదిహేను అడుగుల పొడవు, ముక్కు కాస్త సొట్ట, వయసు ముప్పై దాటింది. నా ఒంట్లో నలభై మూడు రాగి మేకులున్నాయి. అవి నాతో పుట్టినవి కావు, నన్ను ప్రేమించిన మనిషి కొట్టినవి. ఆ మనిషి మీద కోపం తెచ్చుకోలేక, నా భయం దాచుకోలేక మీతో చెప్పుకుంటున్నాను.

పుట్టింది ఫ్యాక్టరీలో. రేకులు వంచి, అంచులు కలిపి, వరసగా రివెట్లు బిగించి నాకు రూపం తెచ్చారు. వరద బాధితుల కోసమని సర్కారు నన్ను కొన్నది. నిజానికి నేను వరదనీటిలో దిగింది రెండేసార్లు. మిగతా ఏళ్ళన్నీ ఆఫీసు పెరట్లో వెల్లకిలా పడుకోవడం, పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నాడంటే ఒక పూత రంగు వేయించుకోవడం, ఇంతే నా ఉద్యోగం. తుప్పు పట్టని లోహమని అందరూ మెచ్చుకునేవారు. తుప్పు పట్టకపోతే చావు లేదని వాళ్ళ లెక్క కాబోలు!

నా చావు ఎటునుంచి వస్తుందో నాకు రెండో వరదలోనే తెలిసింది. ఒక ముసలమ్మ రాగి చెంబును గుండెలకు హత్తుకుని నాలోకి ఎక్కింది. ప్రాణం పోయినా వదలనన్న ఆ చెంబునే దిగేటప్పుడు మరిచిపోయింది, చూడండి మనుషుల సంగతి! పెరట్లో నా అడుగున నిలిచిన మురికినీళ్ళలో ఆ చెంబు రెండు వానాకాలాలు కూర్చుంది. దాన్ని తీసిన రోజు కింద నా రేకు తెల్లగా పొడిపొడిగా రాలింది. చెంబుకు మాత్రం ఏమీ కాలేదు. తడి ఉన్నచోట రాగి నన్ను తినేస్తుందని అప్పుడు తెలుసుకున్నాను. తెలుసుకుని ఏం లాభం, నోరుంటే కదా!

చివరకు పనికిరాని సామాను కింద నన్ను వేలం వేశారు. శ్రీకాకుళం తీరంలోని ఒక పేట నుంచి అసిరమ్మ అనే చేపలమ్మే మనిషి వచ్చి పాడుకుంది. ఆమె మొగుడు కొర్లయ్య ఏడాదిలో ఎనిమిది నెలలు గుజరాతు బోట్ల మీద కూలికి పోతాడు. "ఈ పడవ బాగైతే మా ఆయన ఇంటికాడే ఉంటాడు," అని లారీ డ్రైవరుకు దారి పొడుగునా చెప్పింది. ఆవిడ ఆశంతా అదే.

రోడ్డు మీది వెల్డింగు షాపు అతను వచ్చి నన్ను తట్టి చూశాడు. "అల్యూమినియం రివెట్లే ఎయ్యాలమ్మా. ఇంకే లోహమూ తగలనీకు, ఉప్పునీటిలో తినేస్తాది," అన్నాడు. లేచి అతనికి దండం పెట్టాలనిపించింది. కానీ పక్కనే అసిరమ్మ తండ్రి దానేసు నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళు కర్ర పడవలు కట్టిన మనిషి. ఫైబరు పడవలు వచ్చాక పదేళ్ళుగా ఆ చేతికి పని లేదు.

"నాను కొట్టిన మేకు ఒక్కటైనా ఊడిందని ఈ తీరంలో ఎవులైనా అన్నారేటి?" అన్నాడు దానేసు.

అసిరమ్మ తండ్రి ముఖం చూసింది. "మా అయ్య సేస్తాడులే, నువ్వెల్లు బాబూ," అని వెల్డింగు అతన్ని పంపించేసింది.

ముసలివాడి పని మాత్రం చూసి తీరాల్సిందే. రెండు తాటిదుంగల మీదికి నన్ను ఎత్తించి, కడుపు నిండా నీళ్ళు పోసి, కింద పాకుతూ చుక్క రాలిన చోటల్లా బొగ్గుతో గుర్తు పెట్టాడు. పాత రంగంతా గీకాడు. సొట్టల్ని లోపలినుంచి మెల్లగా కొట్టి సరిచేశాడు. నిజం చెప్పొద్దూ, అంత ఆప్యాయంగా నన్నెవరూ తాకలేదు. వదులైన రివెట్లన్నీ పీకేశాక ఇంట్లోంచి ఒక డాల్డా డబ్బా తెచ్చాడు. అందులో రాగి మేకులు! తన ఆఖరి కర్ర పడవను విప్పేసినప్పుడు దాచుకున్నవట. చింతపండుతో తోమి తళతళలాడించాడు. "ఇనప మేకులు తుప్పు పడతాయి. నీకు మంచివే ఏస్తన్నాను," అని నాతో చెబుతూ ఒక్కొక్కటే దిగగొట్టాడు. తన దగ్గరున్న వాటిలోకెల్లా మంచివి నాకిచ్చాడండీ! వద్దని అరవాలనిపించింది. సుత్తి పడినప్పుడల్లా మోగాను, అంతే. "సూడు, ఎంత గట్టిగా పలకతందో," అని మురిసిపోయాడు.

నన్ను నీళ్ళలోకి దింపిన రోజు పేటంతా వచ్చింది. అసిరమ్మ నా ముక్కుకు పసుపు రాసి, సంతోషం పట్టలేక ఏడ్చింది. కొర్లయ్య ఆ ఏడు గుజరాతు వెళ్ళలేదు. పొద్దున్నే నాతో వేటకు పోవడం, మధ్యాహ్నానికి ఇంట్లో కూర్చుని అన్నం తినడం. వాళ్ళిల్లు కళకళలాడింది. నాకు మాత్రం ఒళ్ళంతా దురద మొదలైంది. ప్రతి మేకు చుట్టూ తెల్లటి పొడి. కొర్లయ్య దాన్ని చూసి, ఉప్పు పేరుకుందనుకుని గుడ్డతో తుడిచేసేవాడు. తుడిచినప్పుడల్లా నేను కాస్త తరిగిపోయేదాన్ని.

నిన్న మధ్యాహ్నం ఒడ్డున ఎవరూ లేనప్పుడు దానేసు వచ్చాడు. చూపు తగ్గింది కనుక వేళ్ళతో తడుముతాడు. అడుగున మూడో వరసలో ఒక మేకు పక్కన బొటనవేలు ఆనించాడు. వేలు లోపలికి దిగిపోయి కింది ఇసుకకు తగిలింది. చాలాసేపు తియ్యలేదు. తర్వాత పక్క మేకు, దాని పక్క మేకు. ఎక్కడ నొక్కినా పొడే.

"తినేసినాయి. నా మేకులే తినేసినాయి," అని గొణిగాడు.

అమ్మయ్య, చెబుతాడు, ఇక నన్ను ఒడ్డునే ఉంచుతారు అనుకున్నాను. అంతలో అసిరమ్మ వచ్చింది. "ఏటయ్యా, ఎండలో కూకున్నావు? పేటలో ఏటంటన్నారో తెలుసా? దానేసు సెయ్యి పడితే సచ్చిన పడవ బతికిందంట!" అంది నవ్వుతూ.

పదేళ్ళ తర్వాత ఆ చేతిని ఎవరో పొగిడారు. ముసలివాడు కన్నం మీద అరచెయ్యి కప్పాడు. "ఏటీ నేదమ్మా, ఊరికే సూస్తన్నాను," అన్నాడు. ఆమె వెళ్ళాక గుగ్గిలాన్ని నూనెలో బంకలా కాచి తెచ్చి, కన్నం పూడ్చి, పైన రంగు పూశాడు.

ఈ పొద్దున కొర్లయ్య నన్ను నీళ్ళలోకి నెట్టబోతుంటే దానేసు వచ్చి ఎక్కి కూర్చున్నాడు. "నానూ వస్తానురా." పదేళ్ళుగా వేటకు పోని మనిషి! అసిరమ్మ ఒడ్డున చప్పట్లు కొట్టి, "మా అయ్య కుర్రోడైపోయినాడు!" అని అరిచింది. ముసలివాడు తిన్నగా మూడో వరస దగ్గర కూర్చుని గుగ్గిలం మీద మడమ నొక్కిపెట్టాడు. నీళ్ళు తోడే డబ్బా పక్కనే పెట్టుకున్నాడు. ఈ ఒక్కరోజూ గడిస్తే రేపు ఎలాగో అతికించుకోవచ్చని అనుకున్నాడేమో.

అలలు దాటాం. ఇంజను అదురుకు గుగ్గిలం పగిలింది. ఆయన మడమ కింద చల్లగా తడి. ఇంకో రెండు మేకుల దగ్గర కూడా. ఒడ్డు ఇంకా కనిపిస్తూనే ఉంది.

"ఏటి మావా, కాలు కదపకండా కూకున్నావు?" అని కొర్లయ్య వెనక ఇంజను దగ్గర్నుంచి అడిగాడు.

చెప్పు దానేసూ! పరువు పోతే పోయింది, పడవ తిప్పరా అను, చాలు. నీ కూతురు నిన్ను ఒక్క మాట అనదు.

దానేసు నోరు తెరిచాడు. ఒడ్డున నిలబడ్డ కూతురి వంక చూశాడు.

"తిమ్మిరెక్కిందిరా," అన్నాడు. "నువ్వు పోనీ."