దొరసాని వేషంలో మా ఆయన

మా ఆయన సదానందం ఆ వార్త విన్నప్పుడు ఆయన భుజం మీద చిలకపచ్చ చీర కొంగు ఉంది, నడుము దగ్గర కుచ్చిళ్ళు ఉన్నాయి. కంగారు పడకండి. వరంగల్ బట్టల బజార్లో మాది చీరల దుకాణం. మడత మీద ఉన్న చీరను ఎవరూ కొనరు. దుకాణంలో మగవాళ్ళే ప్యాంటు చొక్కా మీద దాన్ని చుట్టుకుని, కొంగు పరిచి, అటూ ఇటూ తిరిగి చూపించాలి. మా దగ్గర సేల్స్‌మన్లు ఉన్నారు కానీ, మా ఆయన కడితే ఆ అందమే వేరని మరిపెడ నుంచి కూడా ఆడవాళ్ళు వస్తారు. సేటే కట్టి చూపించాలని పట్టుబట్టి కూర్చుంటారు.

ఆ వార్త తెచ్చినవాడు మా ఆయన చిన్నాన్న కొడుకు యాదగిరి. మా అమ్మాయి మానసకు మధు సంబంధం తెచ్చింది కూడా అతనే. మధు హసన్‌పర్తి దగ్గర కాలేజీలో లెక్చరర్. పిల్లవాడు మాకు నచ్చాడు, మానసకు మరీ నచ్చాడు. పూలుపండ్లు పెట్టుకుని సంబంధం ఖాయం చేసుకోవడం ఒక్కటే మిగిలింది.

"అన్నా, గీ సంబంధం జర ఆలోచించు" అన్నాడు యాదగిరి గొంతు తగ్గించి. "ఆ పిలగాడు ఐతారం ఐతారం దోస్తులను పోగేసి ఏందో ఆట ఆడుతాండు. పత్తాలు కాదు, క్యారమ్స్ కాదు. ఆటల గాయన ఆడమనిషట. పేరు చిలుకమ్మట!"

"ఆడమనిషా!" అని అరిచాడు మా ఆయన, కుచ్చిళ్ళు సర్దుకుంటూ. "మగపుట్టుక పుట్టి గీ వేషాలేందిరా? ఇజ్జత్ ఉన్నదా?" వెంటనే ఎదురుగా కూర్చున్న ఆవిడ వైపు తిరిగి, "చూడమ్మా, నడుస్తె అంచు ఎంత మంచిగ పడుతాందో" అని అద్దం దాకా వయ్యారంగా నడిచి వచ్చాడు. కౌంటర్ దగ్గర కూర్చున్న నేను నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఆయనకు మాత్రం అందులో నవ్వే విషయం ఏమీ కనిపించలేదు.

ఇంటికి రాగానే సంబంధం వద్దనేశాడు. నన్ను అడగలేదు, మానసను అడగలేదు. ఇంట్లో ఏ కుర్చీ ఎక్కడ వేయాలన్నా ఆయనే చెప్తాడు, ఇదీ అంతే. మానస అన్నం ముందు నుంచి లేచిపోయింది. తర్వాత నా పక్కన కూర్చుని ఏడుస్తూనే ఆ ఆట ఏమిటో వివరించింది. ఒకరు కథ నడుపుతారట. మిగతావాళ్ళు అందులో తలా ఒక మనిషి అవుతారట. ఏం చేస్తారో, ఏం మాట్లాడతారో ఎవరికి వాళ్ళే చెప్పాలి, అది సాగిందా లేదా అన్నది పాచిక తేలుస్తుంది. మధు అందులో చిలుకమ్మ అనే విధవరాలు.

"ఆడమనిషినే ఎందుకు తీసుకున్నవని అడిగిన అమ్మా" అంది మానస. "మగోడిగ రోజూ ఉండనే ఉంట గదా అన్నడు."

ఆ మాట విన్నాక ఈ సంబంధం పోకూడదని నేను గట్టిగా అనుకున్నాను. ఎందుకో దాచకుండా చెప్తాను. మగవాళ్ళకు ఆడదాని మనసు తెలియదు, పాపం వాళ్ళ తప్పు కాదు, దేవుడు అలా పుట్టించాడు అని నాకు నేను సర్దిచెప్పుకుంటూ సంసారం ఈదుకొచ్చాను. కొన్ని గంటలైనా ఆడమనిషిగా కూర్చుని ఆలోచించేవాడు దొరికితే నా బిడ్డకు అలా సర్దిచెప్పుకునే పని ఉండదు కదా! నా బతుకులో దొరకనిది దానికైనా దొరకాలన్నదే నా ఆశ. మానసతోనూ ఇదే మాట అన్నాను.

"మూట ఇప్పకుండనే సరుకు వాపస్ పంపుతరా మీరు?" అన్నాను మర్నాడు పొద్దున, చాయ్ ఇస్తూ. వ్యాపారం మాట అయితే ఆయన చెవికి ఎక్కుతుంది. కాసేపు మీసం దువ్వుకున్నాడు.

"సరే, ఐతారం పోయి కండ్లార చూస్త. చూసినంక వద్దంటె మాత్రం నువ్వు నోరెత్తొద్దు."

ఆదివారం మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా స్కూటర్ మీద హసన్‌పర్తి వెళ్ళాం. మధు అద్దెకుండే గది మేడ మీద. తలుపు తీసే ఉంది. టేబుల్ చుట్టూ నలుగురు కూర్చున్నారు, మధ్యలో రంగురంగుల పాచికలు, మిర్చీల పొట్లం. మమ్మల్ని చూసి మధు ముఖం పాలిపోయింది.

"నమస్తే మామయ్యా. అత్తయ్యా, కూసోండ్రి" అని కుర్చీలు లాగాడు.

"మా కోసం ఆపకుండ్రి. చూసి పోదామని వచ్చినం" అన్నాడు మా ఆయన, తనిఖీకి వచ్చిన అధికారిలా.

కథ నడిపే అమ్మాయి పేరు స్నేహలత, మధు కాలేజీలోనే పని చేస్తుంది. ఆమె బెరుకు లేకుండా మొదటి నుంచి చెప్పింది. ఊళ్ళలో కరువు. దొర ఉండే గడీలో ధాన్యం మూలుగుతోంది. ధాన్యం కొట్టు తాళంచెవి దొరసాని నడుముకు వేలాడుతూ ఉంటుంది. చిలుకమ్మ చీరలమ్మే మనిషిలా లోపలికి వెళ్ళింది, ఎలాగైనా దొరసాని మనసు గెలిచి ఆ తాళంచెవి సంపాదించాలి.

మధు గొంతు మార్చలేదు, చేతులు తిప్పలేదు. మామూలుగానే అన్నాడు. "దొరసానమ్మా, నీ కోసం అన్నిట్లకెల్ల పిరమైన పట్టుచీర తెచ్చిన."

"ఏయ్, ఆగు!" అని అరిచాడు మా ఆయన. అయిపోయింది, పరువు పోయిందనుకున్నాను. ఆయన కోపం వేరే. "గట్ల ఎవడన్న అమ్ముతడా? ముందుగాల్నే గంత ధరది చూపెడితె ఆమె గుండె గుభేలుమంటది. ఇగ దేన్నీ ముట్టది. దొరసానైతె ఏంది, పైసలు అడగాల్సింది దొరనే గద!"

స్నేహలత కళ్ళు మెరిశాయి. "మరి దొరసాని ఏం చేస్తదో మీరే చెప్పుండ్రి అంకుల్. ఒక్కసారి దొరసానిగ కూసోండ్రి."

కుర్చీ ఎత్తి కొడతాడనుకున్నాను. వ్యాపారం తప్పు జరుగుతుంటే చూస్తూ ఊరుకునే మనిషి కాదు, వెళ్ళి కూర్చున్నాడు. కూర్చోగానే లేని కొంగును భుజం మీదికి లాక్కున్నాడు.

"నాకేం వద్దు పో" అన్నాడు. గొంతు ఆయనదే, కానీ ఆ మాట ఆయనది కాదు. "ఊకె చూస్త, గంతే." టేబుల్ మీద లేని చీరలను ఒక్కొక్కటే జరిపాడు. ఒకచోట చెయ్యి ఆగింది. వేళ్ళ వెనక వైపుతో మెత్తగా నిమిరాడు. వెంటనే చెయ్యి తీసేసి తలుపు వైపు చూశాడు. చూసి, పక్కనున్న ఇంకేదో తీసుకున్నాడు. "గిది చాలు. మాసినా కానరాదు."

మధు మెల్లగా అడిగాడు. "దొరసానమ్మా, నీకు మనసైంది గది కాదు గదా. నీకేది ఇష్టం?"

మా ఆయన లేని కొంగు చివరను వేలికి చుట్టుకున్నాడు. "నన్నెవరడిగిన్రు చిలుకమ్మా?" అన్నాడు. "ఇంట్లకు ఏదొస్తె గదే కట్టుకున్న. వద్దంటె పొగరంటరు, కావాల్నంటె ఆశంటరు. అడిగేటోళ్ళు లేక నా ఇష్టమేందో నేనే మర్చిపోయిన."

స్నేహలత చున్నీతో కళ్ళు తుడుచుకుంది. పాచిక వేస్తే పెద్ద అంకె పడిందట, దొరసాని తాళంచెవి ఇచ్చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. మధు లేచి మా ఆయన చేతులు పట్టుకున్నాడు.

నేను మాత్రం మూలన ప్లాస్టిక్ కుర్చీలో అలాగే ఉండిపోయాను. నా ఒంటి మీద ఆవపిండి రంగు చీర. ఎంతమందికి చూపించినా ఎవరూ కొనలేదు. నా బీరువా నిండా ఇవే. అంచు తప్పుపడ్డవి, రంగు వెలిసినవి, కాలం చెల్లినవి. చీరల దుకాణం వాళ్ళ ఇంట్లో ఆడవాళ్ళకు అమ్ముడుపోనివే వస్తాయి, మా అత్తగారికీ అంతే. ఆయనకు తెలియక తెస్తున్నాడనుకున్నాను ఇన్నాళ్ళూ. మగవాడు, పాపం, ఏం తెలుస్తుంది అనుకున్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ వచ్చింది.

తిరిగి వస్తుంటే స్కూటర్ మీద ఆయన హుషారు చెప్పనలవి కాదు. "పిలగాడు బంగారమే! ఎంత ఇజ్జత్ ఇచ్చిండు చూసినవా? వచ్చే వారమే పూలుపండ్లు పెట్టుకుందాం."

హనుమకొండ చౌరస్తా దగ్గర ఎర్ర లైటు పడి స్కూటర్ ఆగింది. "దొరసాని ముచ్చట మీకెట్ల తెలుసు?" అని అడిగాను.

"చిన్నప్పటి సంది ఆడోళ్ళనే చూస్తాన గదనే. చెయ్యి ఏ చీర మీద ఆగుతదో చూస్తె మనసు మొత్తం తెలిసిపోతది."

"నా చెయ్యి దేని మీద ఆగుతది?"

తడుముకుంటాడనుకున్నాను. తడుముకోవాలని మనసులో మొక్కుకున్నాను కూడా. "నెమలికంఠం రంగు, సన్నంచు" అన్నాడు, వెనక్కి తిరగనైనా తిరగకుండా. "లగ్గమైన కొత్తల దుకాణంల చేతిల పట్టుకుని మల్ల ఆడనే పెట్టినవు. ఇప్పటికీ కొత్త స్టాకొస్తె ముందుగాల గదే చూస్తవు."

"మరి?"

"మరేంది? గది గిరాకున్న రంగు. వచ్చిన దినమే పోతది. గసోంటిది ఇంట్లకెట్ల తెస్తమే?"

ఆయన గొంతులో కల్మషం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. పచ్చ లైటు పడింది, స్కూటర్ కదిలింది.

మానస గేటు దగ్గరే నిలబడి ఉంది. వాళ్ళ డాడీ ముఖం చూసి దానికి ప్రాణం లేచివచ్చింది. ఆయన "మీ అమ్మనడుగు" అని నవ్వుకుంటూ లోపలికి వెళ్ళాడు.

"ఒప్పుకున్నడా అమ్మా?"

"ఒప్పుకున్నడు."

"మరి నీ మొఖమేంది గట్లున్నది? మధు మంచిగ ఆడలేదా?"

"మంచిగనే ఆడిండు."

"మరింకేంది? ఆడమనిషిగ ఆడేటోడికి ఆడదాని మనసు తెలుస్తదని నువ్వే అంటివి గద?"

ఈ సంబంధం కోసం కొట్లాడింది నేనే. ఇప్పుడు దాని రెండు చేతులూ పట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పాను.

"మీ డాడీ అంతకంటె మంచిగ ఆడిండు బిడ్డా. గందుకే భయమైతాంది."