వార్డు బయటి ముప్పై మీటర్లు

నాలుగింటికి ఓడ బయలుదేరుతుంది. ఇప్పుడు పన్నెండున్నర. ఆరు నిమిషాల్లో నాలుగు వందల మీటర్లు నడిచినట్టు ఈలోగా కాగితం అందకపోతే, దీవుల మధ్య తిరిగే ఆ ఓడలో అపిసాయి పద్దెనిమిదేళ్లుగా చేస్తున్న నావికుడి పని ఇంకొకరికి పోతుంది. గడువు ఇప్పటికే రెండుసార్లు పెంచామని ఓడ కంపెనీ డాక్టరు ఫోన్లో తేల్చి చెప్పాడు.

ఉనైసి ఫోన్ పెట్టేసి విద్యార్థుల వైపు తిరిగింది. సువా పట్టణంలోని ఆ ఆసుపత్రిలో ఫిజియోథెరపీ పాఠాలు చెప్పేది ఆమే.

“వైరస్ సోకి ఈయన మూడు వారాలు ఆక్సిజన్ మీద ఉన్నాడు. తొమ్మిది వారాలుగా మన దగ్గర ఊపిరి కసరత్తులు చేస్తున్నాడు. ప్రాణం నిలబెట్టింది డాక్టర్లు. ఓడెక్కించాల్సింది మనం. మొదట ఏం చూడాలి?”

“వేలికి తగిలించిన మెషీన్, మేడమ్,” అన్నాడు ఇసోవా.

“మనిషి మొహం. మెషీన్ తర్వాత.”

“మొహం చూసి ఉద్యోగమిస్తారా అక్కా?” అన్నాడు అపిసాయి. “మా ఆవిడే పొద్దున లేచి చూసి అటు తిరుగుతుంది.”

విద్యార్థులు నవ్వారు. ఉనైసి నవ్వలేదు. ఆమె కళ్లు గడియారం మీదే ఉన్నాయి.

వార్డు బయటి నడవలో ముప్పై మీటర్లకు అటో గుర్తు, ఇటో గుర్తు. రోగుల తాలూకు పెద్దవాళ్లు గోడ వెంట చాపల మీద కూర్చున్నారు. అపిసాయి నడక మొదలుపెట్టాడు. పెద్దవాళ్ల ముందు నుంచి పోయేటప్పుడు అక్కడ ఎవరైనా అన్నట్టే “తిలౌ, తిలౌ” అని, అంటే మన్నించమని, చెప్పుకుంటూ అటూ ఇటూ తిరిగాడు. ఇసోవా సమయం చూశాడు. మెలాయియా అనే మరో విద్యార్థిని వెనకే నడుస్తూ రాసుకుంది. ఆరు నిమిషాలయ్యేసరికి అపిసాయి గోడ పట్టుకుని నిలబడ్డాడు. పెదాలు పాలిపోయాయి. ఆక్సిజన్ ఎనభై ఏడు. దూరం మూడు వందల యాభై రెండు.

“ఎంత?” అన్నాడు. మెలాయియా రాసుకున్న కాగితం చూపించింది. అతను చూసి కుర్చీలో కూలబడ్డాడు.

ఇసోవా గొంతు తగ్గించాడు. “మేడమ్, టేపు కాస్త సాగిందనుకుందాం. పాపం, ముగ్గురు పిల్లలు.”

“తుఫానులో తాడు లాగలేక పడిపోతే, ఆ సాగిన టేపు పట్టుకుని ఈదుతాడా?”

ఇసోవా తల దించుకున్నాడు. ఉనైసి నిబంధనల పుస్తకం తిరగేసింది. అరగంట విశ్రాంతి ఇచ్చి ఇంకోసారి నడిపించవచ్చు, నిబంధన ఒప్పుకుంటుంది. కానీ అరగంటలో ఊపిరితిత్తులు మారవు కదా.

“నాకొకటి అర్థం కావట్లేదు మేడమ్,” అంది మెలాయియా. “అలసిన మనిషి చివరికొచ్చేకొద్దీ ఒగర్చాలి. అపిసాయి మామ ప్రతి చుట్టులోనూ మధ్యలోనే ఒగర్చాడు. గుర్తు దగ్గరికొచ్చేసరికి తేరుకున్నాడు.”

“నేల ఎగుడుదిగుడేమో, చూసి రా.”

మెలాయియా వెళ్లింది. నడవ మధ్యలో టక్కున ఆగిపోయింది. నడుము వంగి ఉంది. వంగినదల్లా అలాగే ఉండిపోయింది.

“ఇలా రండి మేడమ్.”

ఉనైసి గబగబా నడిచింది. చాపల దగ్గరికొచ్చేసరికి ఆమె నడుమూ వంగింది, నోట్లోంచి “తిలౌ” దానంతటదే వచ్చింది.

“ఇప్పుడు గట్టిగా ఊపిరి పీల్చండి.”

పీల్చింది. సగంలోనే ఆగిపోయింది.

ప్రతి చుట్టులో పది మీటర్లు ఇలా పొట్ట నొక్కుకుని, అడుగు చిన్నది చేసుకుని, పైగా మాట్లాడుతూ నడిచాడు అపిసాయి. ముగ్గురూ చూశారు. పెద్దవాళ్ల ముందు వంగి నడవడం ఆ దీవుల్లో మర్యాద; నిటారుగా నడిచి ఉంటే అది కళ్లబడేది. వంగాడు కాబట్టి ఎవరికీ కనబడలేదు.

“వాళ్లను అవతల కూర్చోమందామా?” అన్నాడు ఇసోవా.

“నువ్వే అడుగు. తర్వాత పెద్దవాళ్లను లేపావని మీ అమ్మకు నేను ఫోన్ చేసి చెప్తాను.”

బట్టలుతికే గది వెనక రేకుల కప్పు కింద సిమెంటు దారి ఉంది. టేపు పరిచి ముప్పై మీటర్లు కొలిచారు. ఒకటిన్నరకు అపిసాయి మళ్లీ లేచాడు. ఇక్కడ చాపలు లేవు, ఆరేసిన దుప్పట్లు తప్ప. అతను మెడ నిటారుగా పెట్టి నడిచాడు. నాలుగో నిమిషంలో తడబడ్డాడు. ఉనైసి ఊపిరి బిగబట్టింది. అతను ఆగలేదు.

నాలుగు వందల పద్దెనిమిది. ఆక్సిజన్ తొంభై రెండు.

అపిసాయి తువ్వాల్లో మొహం దాచుకున్నాడు. భుజాలు కదిలాయి. అందరూ దుప్పట్ల వైపు చూశారు.

“మొదటి కాగితం చింపేయనా?” అన్నాడు ఇసోవా.

“రెండూ పంపు. తేడా ఎందుకొచ్చిందో రాసి మరీ పంపు.”

రెండున్నరకు కంపెనీ డాక్టరు ఫోన్ చేశాడు. “మా క్లినిక్ నడవలోనూ చాపలున్నాయమ్మా,” అన్నాడు. “రేవుకు పంపించేయండి.”

అపిసాయి వెళ్లాక ఉనైసి భోజనానికి లేవలేదు. బీరువా తెరిచింది. ఆ నడవలో నడిచి, ఉద్యోగానికి పనికిరారని రాయించుకున్నవాళ్ల ఫైళ్లు పై అరలో ఉన్నాయి. రెండేళ్లవి. అన్నింటి మీదా సంతకం తనదే. మెలాయియా పక్కకు వచ్చి ఫైళ్లు కిందికి దించింది.

మొదటి ఫైలు లోసలీనిది. బడిలో వంట చేసేది. ఉనైసి నంబరు నొక్కింది.

“నేను పరీక్ష తప్పానని చెప్పారు కదమ్మా,” అంది అవతలి గొంతు. “మళ్లీ ఎందుకు?”

“మీరు కాదు. తప్పింది నేను. ఇంకోసారి నడుద్దురుగాని. గురువారం రాగలరా?”

అవతల గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

“గురువారం దాకా ఎందుకు, రేపే వస్తాను.”