కార్మోడీ నేర్పిన బూటు లేసు

బేస్‌బాల్ మైదానంలో మూడో బేస్ నుంచి పరిగెత్తి, పరుగు పూర్తయ్యే హోం ప్లేటు మీదికి జారి పడినప్పుడు కార్మోడీ చీలమండలో ఏదో పుటుక్కుమంది. కళ్ళు బైర్లు కమ్మాయి. అయినా నవ్వాడు. నవ్వడూ మరి! లీగు మొత్తంలో ఎక్కువ పరుగులు తీసింది ఇప్పుడు అతనే. నిన్నటి దాకా సమానంగా ఉన్న వేరే జట్టు డెవనీ ఆటలన్నీ అయిపోయాయి. ఈ సీజన్‌కి ఇదే ఆఖరి రోజు.

"పరుగుల్లో మొదటివాడివైతే వచ్చే ఏడు ఉంటావు. లేకపోతే ముసలి గుర్రాలు నాకొద్దు" అని జట్టు యజమాని మొహం మీదే అన్నాడు. బొగ్గు గనిలోంచి బయటపడ్డ మనిషి కార్మోడీ. మళ్ళీ అందులోకి దిగాలంటే అతనికి వణుకు.

అతన్ని మోసుకెళ్ళి బెంచీ మీద పడుకోబెట్టారు. సరస్సు మీంచి మబ్బు కమ్ముకొస్తోంది. తొమ్మిదింట్లో కనీసం అయిదు ఇన్నింగ్స్ అవకుండా వాన పడితే ఆ ఆట జరగనట్టే. అందులో తీసిన పరుగులు కూడా గంగలో కలిసినట్టే. ఇప్పుడింకా మూడోదే నడుస్తోంది. జట్టేమో చిత్తుగా ఓడిపోతోంది. అలాంటప్పుడు వీళ్ళేం చేస్తారో ఊరందరికీ తెలుసు.

బ్యాటు పట్టిన స్వీనీ పక్కకి జరిగి, వంగి, తీరిగ్గా బూటు లేసు విప్పాడు.

"ఒరేయ్ స్వీనీ, వద్దురా! ఆడి చావరా!" కార్మోడీ అరిచాడు.

స్వీనీ కన్నుకొట్టాడు. "అదేంటి గురూ, ఈ విద్య నేర్పింది నువ్వేగా!"

నిజమే. ఓడిపోయే ఆటల్ని ఇలా సాగదీసి ఎన్నిసార్లు వానపాలు చేశాడో! అప్పుడు జనం కంటే ఎక్కువ నవ్వింది అతనే.

కార్మోడీ కెప్టెన్ ష్రోడర్ చెయ్యి పట్టుకున్నాడు. "నీకు దండం పెడతాను, వాణ్ణి త్వరగా అవుటైపొమ్మను. ఆట పూర్తవ్వాలి."

"ఇది ఓడితే అట్టడుక్కి పోతాం. మన జట్టునే లీగులోంచి తీసేస్తారు. అందరి నోట్లో మట్టేరా."

"మరి నా సంగతో?"

ష్రోడర్ అతని కాలు వైపు చూశాడు. "ఆ కాలితో వచ్చే ఏడు..." అని, మాట మింగేసి అటు తిరిగాడు.

అంపైరు తిట్టాడు. స్వీనీ రెండో బూటు మొదలుపెట్టాడు. అంతలో వాన దబదబా కురిసింది. ఎంతకీ తగ్గలేదు. చివరికి ఆట రద్దన్నారు.

"బతికిపోయాం!" అంటూ తడిసి ముద్దయి వచ్చాడు స్వీనీ. కార్మోడీ మొహం చూశాక గానీ తానేం చేశాడో ఆ వెధవకి తట్టలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, వాచిన కాలికున్న బూటు విప్పబోయాడు. తడిసిన ముడి రాలేదు.

"కోసెయ్యనా, గురూ?"

"తీరిగ్గా విప్పరా" అన్నాడు కార్మోడీ. "ఇంక తొందరేముంది."